జానెడు వదులు

మీరే చెప్పండి, వేదిక ఇక లేవదన్న ధీమా ఉంటే తప్ప, వైర్లు బిగించి కట్టమని ఎవరైనా అంటారా?

అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్ సంగీతానికి ఏటా జరిగే ఆ ఉత్సవంలో, వేదిక మీది మైకులకీ స్పీకర్లకీ వైర్లు వేసేటప్పుడు జానెడు వదులు వదలడం మొదటి ఏడు నుంచీ ఉన్న పద్ధతి. ఎవరైనా అప్పటికప్పుడు పుట్టిన పాట వాయిస్తే చెక్క వేదిక జానెడు పైకి లేస్తుంది, పాట అయ్యాక దిగుతుంది. వానొస్తే గొడుగు తెరిచినట్టు, వేదిక లేస్తే డ్రమ్ములాయన తన స్టూలు గట్టిగా పట్టుకునేవాడు. అంతే.

ఈ ఏడు కొత్త మేనేజరు వైర్లు వేసే అమ్మాయిని పిలిచాడు.

"ఆ వేలాడేవన్నీ నేలకి బిగించెయ్యమ్మా. వీడియోలో బాగోవు."

"లేస్తే ఊడిపోతాయి సార్."

"ఇంక లేవదులే," అని నవ్వాడు.

ఆ నవ్వు దగ్గరే ఆమెకి అనుమానం మొదలైంది. పోస్టరు మీద జాజ్ అన్న మాట ఏటేటా చిక్కిపోతూ, ఈసారి మూలన చీమంత అయింది. సాయంత్రం పాడబోయే పెద్ద పాటగాడు మైకు గురించి అడగనేలేదు, లాప్‌టాప్‌కి మాత్రం రెండు వైర్లు కావాలన్నాడు. మరి పాడేదెవరట?

మొదటి ఏడు నుంచీ ఇక్కడ శాక్సఫోన్ వాయిస్తున్నది ఆమె పిన్ని. ఆవిడని ఎండవేళకి నెట్టేశారు, కుర్చీలు వేసే సమయానికి.

"వచ్చే ఏడు చూద్దాం అన్నాడే మీ మేనేజరు," అంది పిన్ని, శాక్సఫోన్ మెడకి తగిలించుకుంటూ. "అంటే నా ఫొటో గోడకెక్కిస్తాడన్నమాట."

"పోనీ వాయించకు పిన్నీ."

"నోర్ముయ్. వైర్లెలా కట్టావ్?"

"ఆయన చెప్పినట్టే. గట్టిగా."

పిన్ని కళ్లు మెరిశాయి. "బంగారు తల్లివే!"

వాయించింది. అంతకుముందు ఎవరూ వినని పాట, పిన్ని కూడా వినని పాట. వేదిక జానెడు లేచింది, మూరెడు లేచింది, ఆగలేదు. వైర్లు పటపటా ఊడిపోయాయి, స్పీకర్లు మూగబోయాయి. శాక్సఫోన్‌కి కరెంటుతో పనేముంది?

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "దించండి దాన్ని! సాయంత్రం ఆయన పాడాలి!"

"పాట అయిపోతే అదే దిగుతుంది సార్."

"ఎప్పుడవుతుంది?"

"అది మా పిన్నికే తెలీదు."

కుర్చీలు వేసేవాళ్లు పని ఆపి తలలెత్తారు. డ్రమ్ములాయన నిచ్చెన తెచ్చుకుని ఎక్కేశాడు. వేదిక ఇప్పుడు మేడ ఎత్తున ఉంది. కింద మేనేజరు మనుషులు వైర్లు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. పాట ఆగితే వేదిక దిగుతుంది, దిగితే మళ్లీ బిగించేస్తారు. ఈసారి పిన్నిని ఎక్కనివ్వరు.

ఆవిడ ఊపిరి ఒక్కటే ఎంతసేపని సరిపోతుంది? మీ ఇంట్లో మూలపడి ఉన్న వాయిద్యం ఏదైనా సరే, దుమ్ము దులిపి పట్టుకురండి. నిచ్చెన వేసే ఉంది. ఎక్కి, పాట అందుకోండి.