అత్తగారి దానపత్రం

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం మేడం అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒక్కటే. రిజిస్ట్రేషనుకి వచ్చిన ప్రతి దస్తావేజునీ మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదవాలి. పేర్లు, హద్దులు, కొలతలు పాత రికార్డుతో సరిచూడాలి. తప్పుంటే ఎర్రసిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపాలి. తండ్రి పేరులో ఒక్క దీర్ఘం ఎగిరిపోయినా ఆమె కన్ను దాటిపోదు. దస్తావేజులు రాసే లేఖర్లకి ఆమె అంటే హడల్.

ఆ రోజు పదకొండింటికి చేతికొచ్చిన ఆరో కాగితం ఒక దానపత్రం. ముందు హద్దులు చదవడం, మనుషుల సంగతి తర్వాత చూడడం ఆమె అలవాటు. తూర్పున పన్నెండడుగుల సందు. పడమర రిటైరైన డ్రిల్లు మాస్టారి ఇల్లు. ఉత్తరాన మురుక్కాలవ. దక్షిణాన తాళాలు బాగుచేసే షాపు.

'మా పక్కన కూడా తాళాల షాపే' అనుకుంది. ఆ వెంటనే డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చి, పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. గబగబా పైకి చూసింది. ఇంటి నంబరు తమదే. ఇచ్చేవారి పేరు అత్తగారిది.

పుచ్చుకునేది తన భర్తే అయ్యుంటాడు, ఇంకెవరుంటారు? కిందికి చూసింది. అక్కడ భర్త పేరు లేదు. తన పేరుంది. తండ్రి పేరు, వయసు, పక్కన 'నా కోడలు' అని.

మూడుసార్లు చదివింది. ఊరందరి కాగితాల్లో తప్పులు పట్టే మనిషికి తన పేరే తప్పుగా పడిందేమో అనిపించింది.

ఎందుకంటే ఆ అత్తాకోడళ్ళకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. తల్లి గుర్తుగా ఆమె తెచ్చుకున్న కుట్టుమిషనుని, ఆమె ఆఫీసులో ఉండగా, అత్తగారు మాటమాత్రం చెప్పకుండా ఎవరికో ఇచ్చేసింది. ఆ సాయంత్రం ఇల్లు దద్దరిల్లింది. ఆ తర్వాత ఒకే వంటింట్లో తిరుగుతూ, ఒకే బల్ల దగ్గర తింటూ ఒకరితో ఒకరు పలకలేదు. ఏ మాటైనా మధ్యలో ఆమె భర్తే మోయాలి. "కూరలో ఉప్పు తగ్గిందని చెప్పరా మీ ఆవిడకి" అని అత్తగారు. "ఉప్పు డబ్బా ఎదురుగానే ఉందని చెప్పండి మీ అమ్మగారికి" అని ఆమె.

ఆమె లేచి రిజిస్ట్రారు గదిలోకి వెళ్ళింది. "సార్, ఇది నేను చూడకూడదండి. మా ఇంటి కాగితం."

ఆయన చదివి తలెత్తాడు. "నిజమే, వేరేవాళ్ళకిస్తాను. పుచ్చుకునేది మీరేగా, ఒప్పుకుంటున్నట్టు మీ సంతకం కావాలి. బయటికెళ్ళి వాళ్ళతో మాట్లాడండి."

వరండాలో బెంచీ మీద అత్తగారు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. పక్కన లేఖరి. తను పేరు రాసిన కోడలు భూతద్దం మేడమే అని అప్పుడే తెలిసినట్టుంది, అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

పెద్దావిడ కోడల్ని చూసింది. అలవాటుకొద్దీ చుట్టూ కొడుకు కోసం వెతికింది. కనపడకపోయేసరికి అక్కడున్న అటెండరుతో, "బాబూ, సంతకం పెట్టమని చెప్పు ఆవిడకి" అంది.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ!" అన్నాడతను బిత్తరపోయి.

"అత్తయ్యా, నాతోనే చెప్పండి" అంది ఆమె.

పెద్దావిడ కాసేపు సంచీ తాడు మెలితిప్పింది. "పోయిన నెల అబ్బాయి ఒక కాగితం తెచ్చాడు. పింఛనుదమ్మా, సంతకం పెట్టు అన్నాడు. కళ్ళజోడు తెచ్చుకుంటానంటే, చదవడానికేముందమ్మా అన్నాడు. వాడు స్నానానికెళ్ళినప్పుడు చదివాను. ఇల్లు అమ్మే అధికారం వాడికిస్తున్నట్టు రాసుంది."

ఆమె నమ్మలేకపోయింది. "ఆయనా?"

పక్కింటివాళ్ళ గొడుగు ఒక్కరోజు ఎక్కువ ఉంచుకోడానికే సిగ్గుపడే మనిషి.

"కళ్ళు మండుతున్నాయి, రేపు పెడతానంటూ తోసుకొస్తున్నాను. రోజూ అడుగుతున్నాడు."

"అయితే మాత్రం నాకెందుకిస్తున్నారు? నేనంటే పడదుగా మీకు!"

"పడదు. అయినా పదకొండేళ్ళు కోపాన్ని కోపంగానే చూపించావు. నవ్వుతూ మోసం చెయ్యలేదు. నా మందుల డబ్బా ఒక్కరోజు ఖాళీ అవనివ్వలేదు."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెప్పకుండా ఇచ్చెయ్యడం నాకలవాటేగా" అంది పెద్దావిడ తల దించుకుని. కాస్త ఆగి, "ఆ మిషను విషయంలో తప్పు నాదేనమ్మాయ్" అంది.

ఆమె లేఖరి చేతిలోంచి నకలు తీసుకుని చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీ దగ్గర ఆగింది. "బతికున్నంతకాలం ఈవిడ ఆ ఇంట్లో ఉండే హక్కు ఎక్కడ రాశారు?"

"అమ్మగారు అడగలేదండీ" నసిగాడు లేఖరి.

"అడగరు. అది మీరు రాయాలి. నేను సంతకం పెట్టిన మర్నాడే సామాను సర్దుకోమంటే ఈవిడెక్కడికి పోతారు? ఇదే బెంచీ మీద అలా ఏడ్చినవాళ్ళని ఇద్దర్ని చూశాను నేను. పేజీ మార్చి పట్టుకురండి."

మూడింటికి పని పూర్తయింది. ఆమె సంతకం వంకర పోతే రిజిస్ట్రారు రెండోసారి పెట్టించాడు. అత్తా కోడలూ ఒకే ఆటోలో ఇంటికొచ్చారు.

అయిదున్నరకి భర్త ఇంటికొచ్చాడు. ఆమె నకలు బల్ల మీద పెట్టింది. అరుస్తాడనుకుంది, లేదా బొంకుతాడనుకుంది. చదివి, నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్ముదామనుకున్న మాట నిజమే. అమ్మి, ఎదురెదురుగా రెండు చిన్న ఇళ్ళు కొందామనుకున్నాను. ఒకటి అమ్మకి, ఒకటి మనకి. చూసి కూడా పెట్టాను. పదకొండేళ్ళు ఉప్పు దగ్గర్నుంచి చావుకబురు దాకా అన్నీ నేనే మోశాను. మీరనే మాటల్లో గుచ్చుకునేవి తీసేసి మిగిలింది చెప్పడానికి రోజూ ఎంత అవస్థ పడ్డానో మీకు తెలీదు. ఇక నావల్ల కాలేదు."

"ఆ మాట చెప్పొచ్చుగా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ఎవరికి చెప్పను? అమ్మకి చెబితే నువ్వు నూరిపోశావంటుంది. నీకు చెబితే అమ్మే ఎక్కించిందంటావు."

తమ పోరులో మూడో మనిషి నలిగిపోతున్నాడని ఇన్నేళ్ళలో ఇద్దరికీ తట్టలేదు.

ముందుగా తేరుకున్నది ఆమే. "అయినా పింఛనని అబద్ధమాడి అత్తయ్య దగ్గర సంతకం అడిగారు. అది మోసం కాదా?"

"మోసమే" అన్నాడతను. లోపలికెళ్ళి ఆ కాగితం తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు చేసింది గానీ, నాలుగు రోజులు కొడుకు మొహం చూడలేదు.

అయిదో రోజు ఆదివారం. "ఆ ఇళ్ళేవో చూపించు, చూద్దాం" అంది పెద్దావిడ ఉన్నట్టుండి. ముగ్గురూ వెళ్ళారు. గదులు గదులుగా తిరిగి, తలుపులు లాగి చూసి వీధిలోకొచ్చారు.

"గాలి రాదు" అంది అత్తగారు.

"అవునత్తయ్యా, వంటిల్లూ ఇరుకే" అంది కోడలు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ముందుకెళ్ళిపోయారు. అతను మాత్రం నోరు తెరుచుకుని నడివీధిలో నిలబడిపోయాడు.