ఔలికి నాలుగో మనిషి

హిమాలయాల్లో ఔలి అనే ఊరొకటి ఉందని నవంబరు దాకా నాకు తెలియదు. ఇప్పుడు అక్కడ ఏ నెలలో మంచు ఎంత పడుతుందో, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏ వాలు మీద జారాలో కూడా చెప్పగలను.

దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో సింధు, నేను ఒకే బెంచీ. సింధు వాళ్ళు తాతగారి కాలంలోనే గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉండిపోయారు. వాళ్ళ నాన్నకు ఆఫీసువాళ్ళు ఔలి కొండమీది రిసార్టులో నలుగురికి ఐదు రోజుల బస ఇచ్చారు. వాళ్ళన్నకు పరీక్షలు.

"నాలుగోది నువ్వేనే. అమ్మ నిన్ను పిలుస్తుంది చూడు," అంది సింధు.

నెల రోజులు భోజనం గంటలో మాకు అదే పని. నా డైరీలో ఆరు పేజీలు నిండాయి. ఉన్ని టోపీలు, రెండు జతల చేతి తొడుగులు, పెదవులకు వాసెలిన్. చదువుకోసం ఊరి నుంచి వచ్చి నేనుండేది సరూర్‌నగర్‌లో మా మేనత్త ఇంట్లో. సాయంత్రం మేడమీద రెండు కర్రలు పట్టుకుని, మోకాళ్ళు వంచి ముందుకు వాలడం నేర్చుకునేదాన్ని. అత్త బట్టలు తీయడానికి వచ్చి చూసింది.

"ఏందే సంతోషీ, మేడ మీద నాట్లేస్తున్నవా?"

పోయిన ఆదివారం సింధు వాళ్ళింట్లో భోజనానికి పిలిచారు. ఆంటీ పెరుగు వడ్డిస్తూ అడిగారు.

"మాతో ఔలి వస్తావా అమ్మా?"



"వద్దాంటీ, మీరు పోయి రండి," అన్నాను.

మా ఊళ్ళో చాయ్ తాగమన్నా మొదటిసారి వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. మూడోసారి చెయ్యి పట్టి కూర్చోబెడితే తాగుతాం. అడగగానే సరేనన్నవాళ్ళను ఆశపోతులంటారు. నేను తలొంచుకుని అన్నం కలుపుతూ ఆంటీ మళ్ళీ అడుగుతారని చూశాను.

"సరేలేమ్మా, నీ ఇష్టం. ఇంకొంచెం పెరుగు వెయ్యనా?"

"వద్దాంటీ."

పెరుగు కూడా వెయ్యలేదు.

సింధు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. గురువారం మెట్రో ప్లాట్‌ఫాం మీద నా దగ్గర ఆగింది.

"రమ్య వస్తోంది. నిన్న టికెట్లు తీసేశారు."

రమ్య మా వెనక బెంచీ.

"నన్ను ఒక్కసారే అడిగింది కదే ఆంటీ," అన్నాను.

"ఎన్నిసార్లు అడగాలి? మా ఇంట్లో వద్దంటే వద్దనే. నెలంతా నాతో కూర్చుని రాసి, అమ్మ ముందు అలా అనేశావు. నాకెంత ఏడుపొచ్చిందో తెలుసా?"

మూడుసార్లు అని చెప్పబోయాను. రైలొచ్చింది. తను ఎక్కేసింది.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. ఆంటీ ఔలికి రమ్మన్నారని, నేను వద్దన్నానని చెప్పాను. మిగతాది చెప్పలేదు.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అంది అమ్మ. "పిలవంగనే ఉరికితే ఇజ్జతుంటదా?" తరువాత ఫోన్ పక్కకు పట్టుకున్నట్టుంది, ఎవరికో చెబుతోంది. "మా సంతోషి పట్నం పోయినా మర్యాద మరవలే."

"అవునమ్మా," అన్నాను.