పక్కింటి చెత్తడబ్బా

బట్టలు కుట్టి బతికే ఆవిడకి పరువు పట్టింపు కాస్త ఎక్కువ. కాస్త అన్నది మర్యాదకి అన్నమాట. చెత్తపన్ను కట్టలేకపోతే మునిసిపాలిటీవాళ్లు ఆవిడ వాకిట్లోని డబ్బా తీసుకుపోయారు. పక్కవాటాలో ఒంటరిగా ఉండే ముసలి వాచ్‌మన్ మాఫీ దరఖాస్తు తెచ్చిచ్చాడు.

"నాకు మాఫీ అయింది చెల్లెమ్మా. నువ్వూ ఓ సంతకం పెట్టి పడెయ్."

"రెక్కలాడినంత కాలం నాకు ఒకరి దయ అక్కర్లేదన్నయ్యా," అంది.

దరఖాస్తులో "కట్టే స్తోమత నాకు లేదు" అని అచ్చేసి ఉంది. దాని కింద సంతకానికి చెయ్యి రాక, కాగితాన్ని కుట్టుమిషన్ సొరుగులో పడేసింది. దయ అక్కర్లేదన్న ఈ మహాతల్లి మర్నాటి నుంచీ ఏం చేసిందయ్యా అంటే, ఆయన సంచీ పుచ్చుకుని పాలకి వెళ్లే వేళ కనిపెట్టి, తన చెత్త పొట్లాలు ఆయన డబ్బాలో కుక్కడం మొదలుపెట్టింది.

మాఫీ ఇళ్లకి ఇచ్చేది చిన్న డబ్బా. బండి దగ్గర తూకం కూడా వేస్తారు. ఒంటి మనిషి డబ్బా అంత బరువేమిటని ఓ పొద్దున ఆఫీసరు వచ్చి, చుట్టుపక్కలవాళ్లు చూస్తుండగా దాన్ని వాకిట్లో బోర్లించాడు. గుడ్డపీలికలు, దారపు ముక్కలు, కూరగాయల తొక్కులు కుప్పగా పడ్డాయి. మెడలో టేపుతో గుమ్మంలో నిలబడ్డ ఆవిడకి ప్రాణం చివుక్కుమంది. అందులో ప్రతి పీలికా తన చేతి కత్తిరింపే.

"ఒక్కరే ఉంటానని రాశారు. ఇంకెవరున్నారు లోపల? అబద్ధమైతే మాఫీ రద్దు."

ముసలాయన ఆవిడ వైపు చూడనైనా లేదు. "ఎవరూ లేరు బాబూ. ఊసుపోక నేనే ఏదో కుట్టుకుంటుంటాను."

చొక్కా బొత్తాం ఊడితే ఆవిడ దగ్గరికే వచ్చే మనిషి. సూదిలో దారం ఎక్కించలేని చేతులవి.

"ఏదీ, మిషను చూపించండి," అన్నాడు ఆఫీసరు. ఆయన కదల్లేదు. ఆఫీసరు కలం తీశాడు.

"ఆ చెత్త నాది," అంది ఆవిడ. గొంతు లేవలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి వాకిట్లో అందరూ వినేలా. లోపలికి వెళ్లి దరఖాస్తు తెచ్చి, గోడకి ఆనించి సంతకం చేసింది. సిగ్గుతో అక్షరాలు కూడా కుదురుగా పడలేదు.

ఆయన మాఫీ జోలికి పోకుండా ఆ కాగితం తీసుకుని ఆఫీసరు వెళ్లిపోయాడు. ఆవిడ కింద కూర్చుని పీలికలు ఏరుతోంది. ఆయన చీపురు పట్టుకొచ్చాడు.

"ఇందులో మీ ఇంటి చెత్త ఒక్కటీ లేదేం అన్నయ్యా?"

"రెండిళ్లదీ పట్టదుగా చెల్లెమ్మా. నాది పొద్దున్నే సంచీలో బస్టాండు డబ్బా దాకా తీసుకెళ్తాను."

"పాలకి కదా వెళ్లేది?"

"ఆ వంకన వెళ్తాను. తొందరగా తిరిగొస్తే నీకు ఇబ్బందని కాసేపు అక్కడే కూర్చుంటాను."

ఆవిడ తల ఎత్తలేదు. ఏరడానికి పీలికలేవీ మిగల్లేదని తెలిసినా, చాలాసేపు నేల తడుముతూనే ఉంది.