సెంటర్ ఫీల్డ్‌లో ముసలోడు

మోకాలికి వయసేంటి, ముప్ఫై ఆరేళ్ళు నాకు, మోకాలికి కోత పడి ఇంకా ఏడాదే, వంచితే లోపల ఇసుక నలిగినట్టుంది, నలగనీ, బేస్‌బాల్ ఆట, ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు ముందున్నాం, వాళ్ళవాళ్ళిద్దరు బేసుల మీదున్నారు, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే ఆట మాదే, మైదానం చివర సెంటర్ ఫీల్డ్‌లో నేను, నా వెనక గోడ మీంచి ఎవడో అరుస్తున్నాడు, ఏయ్ రదామెస్ తాతా, చేతికర్ర మర్చిపోయొచ్చావా, అందరూ పగలబడి నవ్వుతున్నారు, వేయించిన అరటికాయ వాసన, ఒకప్పుడు ఈ గోడ వెనక గొంతులే నన్ను చూసి మెరుపు, మెరుపు అని అరిచేవి, చెరుకు బండ్ల రైలుతో పందెం వేసి పెరిగిన కాళ్ళు, అమెరికా జట్టువాళ్ళు నా పరుగు చూసి, చేతిలో గడియారం ఆగిపోయిందేమోనని విదిలించి చూసుకున్నారు, బంతి ఎటు పోతేనేం, ఆలస్యంగా కదిలినా అందుకునేవాణ్ణి, తర్వాత మోకాలు పోయింది, అమెరికావాళ్ళు పంపించేశారు, తిరిగి మా ఊరు సాన్ పెద్రోకి.

పొద్దున మా మేనేజర్ ఫౌస్తో పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతూ, ఈరోజుకి ఆడు నాయనా, రేపట్నుంచి నీ చోట్లో ఆ కుర్రాడు యూనియెల్, నువ్వు బెంచీ మీద కూర్చో అన్నాడు, కూర్చోడానికి రాలేదయ్యా అన్నాను, అయితే చూపించు మరి అన్నాడు, చూపిస్తాను, ఊరికే ఉన్నానా ఏడాదంతా, మా ఆవిడ మిలేదిస్ ఇంటి వెనక బ్యాటుతో బంతి కొడుతుంటే వీపు తిప్పి నిలబడి, చప్పుడు విని అదెటు పోయిందో చెప్పేవాణ్ణి, దూరం, ఎడమ, తప్పు, మళ్ళీ, మోకాలికి కోసి చెవులు కూడా తీసేశారా ఏంటయ్యా అని తిట్టేది, మళ్ళీ కొట్టవే అనేవాణ్ణి, కొట్టేది.

ఠప్, నిండుగా, దూరం, నా ఎడమ వెనక్కి, చప్పుడు ఆగకముందే తిరిగాను, బంతిని చూడను, పరిగెత్తు, మోకాలు అరుస్తోంది, అరవనీ, గడ్డి అయిపోయింది, కాళ్ళ కింద మట్టి, గోడ దగ్గరకొచ్చేసింది, ఇప్పుడు తల తిప్పు, అదిగో, చెయ్యి చాచాను, భుజం గోడకి కొట్టుకుంది, పడ్డాను, గ్లవ్‌లో బరువు, ఉంది, జారలేదు, తాతా అన్నవాడు గోడ మీంచి వంగి, లే అన్నా లే, దెబ్బ తగిలిందా అంటున్నాడు, ఫౌస్తో టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు, ఊపిరాడటం లేదు, నవ్వొస్తోంది, ఆ పాత కాళ్ళుంటే ఇది బంతిని చూస్తూనే పట్టేవాణ్ణి, ఆ కాళ్ళున్నన్నాళ్ళూ బంతి చప్పుడు ఒక్కసారైనా విన్నానా, లేదు, వినాల్సిన అవసరమే రాలేదు, నాకు ఆట ఇప్పుడే వస్తోంది, రేపు కూడా ఇక్కడ నిలబడేది నేనే.