చేతుల మధ్య తల

"తల ఎత్తకండమ్మా. సేతుల మధ్యనే ఉంచండి," అంది ఈత నేర్పే ఆలిస్, సుజాతమ్మ మోచేతులను ఆమె చెవులకు ఆనించి నొక్కుతూ.

రైల్వే ఈతకొలనులో ఉదయం ఆడవాళ్ల వేళ. గార్డుగారి భార్య సుజాతమ్మ గట్టు అంచున కూర్చుని, కాళ్లు నీళ్లలోకి వేలాడేసి వణుకుతోంది. ముందు లోతు చూసుకోవాలి, తర్వాత కూర్చునే దూకాలి, చేతులే ముందు నీటిని తాకాలి. ఎవరు ఎంత విసుక్కున్నా ఆలిస్ ఈ పాఠం వదలదు.

"సరదాకి దూకుతాం గదా, ఇంత పరేషాన్ ఏటి?" వెనకనుంచి ఎవరో నవ్వారు.

ఆలిస్ నవ్వలేదు. నలభై దాటని మనిషి. క్లోరిన్‌కు జుట్టు ఎర్రబారింది, వేళ్ల చివర్లు నాని ముడతలు పడ్డాయి. భర్త సుందర్ రాజు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసేవాడు. ఒక వేసవిలో స్నేహితులు ఈలలు వేస్తుంటే, నీళ్లు తగ్గిన కాంసాయి ఏట్లోకి చేతులు చాపకుండా తలకిందులుగా దూకాడు. మెడ విరిగింది. అప్పటినుంచి మంచమే.

ఈ ఉదయం ఆమె గంజి తాగిస్తుంటే మొహం తిప్పుకున్నాడు.

"ఈ పూట ఎల్లకే. ఆల్లకి నేర్పితే నా మెడ అతుక్కుంటాదా?"

"బేగి వచ్చెస్తాను," అంది. పక్క క్వార్టరు కృపమ్మను అతని దగ్గర కూర్చోబెట్టి వచ్చింది.

కొలనులో ఆడవాళ్ల వేళ అయిపోయింది. ఆలిస్ తువ్వాలు అందుకుంది.

"దీదీ, ఇంకొక్కసారి. ఈసారి వస్తాది," అంది సుజాతమ్మ.

ఆలిస్ ఆగింది. ఒక్కసారి మూడు నాలుగుసార్లయింది. చివరికి సుజాతమ్మ చేతులు నీటిని చీల్చాయి, తల వాటి మధ్యనుంచి కదలలేదు. పైకి తేలి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆలిస్ కూడా కొట్టింది.

ఇంటి గుమ్మంలో కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"కఫం అడ్డుపడిపోనాదే. ఆలిస్ వచ్చిందా, ఆలిస్ వచ్చిందా అని అడిగినాడు. ఇప్పుడే..."

అతని చేతులింకా వెచ్చగానే ఉన్నాయి. ఆలిస్ వాటిని ఎత్తి గుండెల మీద పెట్టింది. జారిపోయాయి. మళ్లీ పెట్టింది.

"ఇంకొక్కసారి అంటే ఉండిపోనాను, పిన్నీ."

కృపమ్మ వంగి అతని కళ్లు మూసింది.

సాయంత్రానికి సమాధి చేసి వచ్చారు. మంచం కాళ్లవైపు కమ్మీకి, కదలలేని మనిషికి కిటికీలోంచి వీధి కనబడేలా ఆలిస్ వంచి కట్టిన, గడ్డం గీసుకునే అద్దం అలాగే ఉంది. అందులో వర్క్‌షాపునుంచి ఇళ్లకు మళ్లిన సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.