కిటికీ మీద బొట్టు

"ఏమే రత్నం, నీ జెర్రులు పక్కకు తియ్యి. మిరగాయలు పొయ్యాల" అని హనుమాయమ్మ డాబా మీంచి కేకేసింది.

రత్నకుమారి పప్పు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని మెట్లెక్కింది. రెంటచింతలలో ఏప్రిల్ నెల, పొద్దున పదిగంటలు. గచ్చు మీద అరికాలు ఆనడం లేదు. స్టీలు పళ్లెంలో రెండు నల్లటి ఎలక్ట్రానిక్ చిప్పులు ఆకాశం చూస్తూ పడున్నాయి. ఒక్కోదానికి ఇరవై నాలుగు కాళ్లు, వీపు మీద చిటికెన వేలి గోరంత గాజు కిటికీ. జెర్రులన్నది అత్తగారు పెట్టిన పేరు. పేరు కుదిరింది, కాదనడానికి లేదు. చిప్పులో ఒకసారి ఎక్కించిన రాత చెరపాలంటే ఆ కిటికీలోంచి ఒక రకం వెలుతురు పడాలి. దానికో దీపం ఉంటుంది. భర్త పనిచేసే ఫ్యాక్టరీలో ఉన్న ఒక్కటీ మాడిపోయింది. కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. పెళ్లికి ముందు హైదరాబాదులో రెండేళ్లు ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసినప్పుడు, మంచి ఎండలో వారం రోజులు ఉంచినా చెరిగిపోతుందని అక్కడి ఫోర్‌మన్ చెప్పగా ఆమె విన్నది. ఎండకు కరువు లేని ఊరు. ఈ ఊరు ఆమెకు చేసిన సాయం అదొక్కటే.

ఆమె పళ్లెం పిట్టగోడ పక్కకు జరిపింది.

"ఎండబెట్టి ఏం జేస్తావే వాటిని, పచ్చడి నూరతావా?" అంది అత్తగారు.

"నూరినా తినేవాళ్లు లేరు అత్తయ్యా."

హనుమాయమ్మ నవ్వింది. మిరపకాయలు గుమ్మరించి, నెరపడం కోడలికి వదిలేసి నీడకు పోయింది.

ఆ చిప్పులు ఇంట్లోకి రావడానికి కారణం ఆమె భర్త చెన్నకేశవులు. మాచర్ల రోడ్డులో సిమెంటు ఫ్యాక్టరీలో అతను ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ సూపర్‌వైజరు. సున్నపురాయి, మట్టి, ఇనుపరాయి మూడు బెల్టుల మీద మిల్లులోకి పోతాయి. పాళ్లు తప్పకూడదు. ఆ పాళ్లు చూసుకోవడానికి బెంగుళూరు కంపెనీ ఒకటి మైక్రోప్రాసెసర్ బోర్డు పంపింది, వాడి చూడండి, నచ్చితే కొనండి అని. దానితోపాటు కెర్నెల్ అని ఒక ప్రోగ్రాం, అచ్చు కాగితాల మీద. బోర్డు మీద ఏ పని ఎప్పుడు నడవాలో, దేని తర్వాత ఏదో చూసుకునే పెత్తనం దానిది. మన పనులేవో, మన బోర్డులో ఏమున్నాయో దాని పట్టికల్లో నింపి, అంకెల్లోకి మార్చి చిప్పులోకి ఎక్కించుకోవాలి. చెన్నకేశవులు మూడు వారాలు నింపాడు. బోర్డు వెలిగేది, రెండు నిమిషాలు నడిచేది, చచ్చేది. చివరికి అట్టపెట్టెలో పెట్టి రాజదూత్ బండి వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"నువ్వూ డిప్లొమా చదివావుగా. ఊరికే కూర్చునేదానికి ఇది చూడు" అన్నాడు.

ఊరికే. ఐదేళ్ల నుంచి వింటున్న మాట. తెల్లవారకముందే కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడేది ఊరికే, బర్రెకు కుడితి కలిపి పాలు పితికి అతని క్యారియరు కట్టి, అత్తగారి మోకాళ్లకు నూనె రాసి, మళ్లీ బిందెలు పట్టుకుని పోయేదీ ఊరికే. పెళ్లిచూపుల్లో మామగారు, ఇప్పుడు లేడు, "ఆడదాని జీతం తినాల్సిన ఖర్మ మా కొంపలో లేదు" అన్నాడు. ఆ మాటకు ఆమె తండ్రి గొప్ప సంబంధమని మురిసిపోయాడు. ఆమె రాజీనామా రాసిచ్చి, టంకం వేసే ఇనుపకడ్డీ ఒకటి ట్రంకు పెట్టెలో పెట్టుకుని వచ్చింది. ఐదేళ్లలో ఆ కడ్డీతో చేసిన పని చిల్లుపడ్డ ప్లాస్టిక్ బకెట్లు అతకడం. వీధిలో వాళ్లు కూడా తెచ్చేవాళ్లు. "మా కోడలు చదువుకున్నది గదా, బకెట్లు బాగా అతుకుద్ది" అని హనుమాయమ్మ చెప్పుకునేది, నిజంగానే గర్వంగా.

అయినా అట్టపెట్టె విప్పినప్పుడు లోపలి నుంచి టంకం వాసన వచ్చింది. రత్నం కాసేపు అలాగే మూత పట్టుకుని కూర్చుంది.

ముందుగదిలో ప్లగ్గు ఒక్కటే. దానికి ఫ్యాను. బోర్డు నడవాలంటే ఫ్యాను ఆగాలి. మొదటి వారం ఆమె గంటసేపు కూర్చుని ఆరువందల అంకెలు ఒక్కొక్కటీ మీటలు నొక్కి ఎక్కించింది. అత్తగారు వచ్చి ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టుకుంది. అంకెలన్నీ పోయాయి. కరెంటు పోతే ఆ బోర్డుకు ఏదీ గుర్తుండదు.

"అయ్యో అత్తయ్యా."

"ఆ డబ్బా ఉడికిపోతందా? నేను ఉడికిపోతన్నా" అంది హనుమాయమ్మ, పడక కుర్చీలో వాలి.

అప్పటి నుంచి, అత్తగారు పక్కింటి కోటమ్మతో కబుర్లకు పోయే రెండు గంటలే రత్నానికి కరెంటు. మిగతా పొద్దంతా కాగితం మీద. కూర తరుగుతూ, బియ్యం ఏరుతూ తలలో వేసుకుని, చేతులు కడుక్కుని వచ్చి నోటుబుక్కులో రాసుకునేది. మూడు బెల్టులు మూడు పనులు. ఒక పని సగంలో ఆపి ఇంకోదాన్ని లేపాలంటే, ఆగినదాని సామాను ఎక్కడో దాచి ఉంచాలి, మళ్లీ దాని వంతు వచ్చినప్పుడు అందివ్వాలి. ఒక్కోదానికీ సొంత అర. ఒకదాని అర ఇంకోదాని మీదికి పొర్లితే రెండూ పోతాయి. ఆమెకు ఇది కొత్తగా అనిపించలేదు. పట్టికలో చివర ఒక గడి ఉంది: ఎవరికీ పని లేనప్పుడు ఏం చేయాలి? అది కూడా నింపితే తప్ప కెర్నెల్ లేవదు. ఏ పనీ లేని వేళ కూడా ముందే రాసిపెట్టి ఉండాలట. ఆ గడి దగ్గర ఆమె చానాసేపు ఆగింది. తన రోజులో అలాంటి గడి ఎక్కడుందో వెతికింది. కనపడలేదు. అక్కడ "ఆగు, పిలిచేదాకా ఉండు" అని రెండు ఆజ్ఞలు రాసి కాగితం తిప్పింది.

పదకొండో రోజున తప్పు దొరికింది. కంపెనీ వాళ్లు నమూనాగా నింపి ఇచ్చిన పట్టిక పెద్ద బోర్డుది. అందులో జ్ఞాపకం ఎక్కువ. వీళ్లకు పంపింది చిన్నది. సామాను దాచమన్న చోటు ఈ బోర్డులో అసలు లేదు. ఆమె ఆ చోట ఒక అంకె రాసి, తిరిగి చదివింది. రాసింది ఐదు-ఏ, వచ్చింది ఎఫ్-ఎఫ్, అంటే అక్కడ ఏమీ లేదని. మళ్లీ రాసింది, మళ్లీ అదే. మూడు వారాలు చెన్నకేశవులు లేని గదిలో సామాను పెట్టి, తలుపు తీసి చూసి, పోయిందని ఏడ్చాడు. రత్నం నోటుబుక్కులో పాత అంకె అలాగే ఉంచి, పక్కన అంచులో కొత్త అంకె వేసింది. ఆ రోజు బోర్డు ముప్పావుగంట నడిచింది, ఫ్యాను కోసం ప్లగ్గు పీకేదాకా.

ఆ సాయంత్రం చెన్నకేశవులు చాలా మెత్తగా మాట్లాడాడు. "సెక్షన్‌లో ప్రోగ్రాం అసిస్టెంటు పోస్టు పెడుతున్నారు. ఇది నడిస్తే చీఫ్ ఇంజనీరుతో నీ పేరు చెప్తా. అర్జీ రాసియ్యి" అన్నాడు. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మడం ఆమె తప్పు. తెల్లకాగితం మీద మూడుసార్లు రాసి, మంచిది ఎంచి ఇచ్చింది. చదువు, రెండేళ్ల అనుభవం, చివర సంతకం. ఆ సంతకం చివరిసారి పెట్టి ఐదేళ్లయింది. చెయ్యి తిరగక మొదటి కాగితం పాడైంది.

ఫ్యాక్టరీలో ఫిట్టరు యోబు, చిప్పులోకి రాత ఎక్కించే పెట్టె మోసుకొచ్చి ఇచ్చాడు. మొదటి రెండు చిప్పులు తప్పులు పోయాయి, డాబా ఎక్కాయి. మూడోది కుదిరింది. కుదిరాక దాని కిటికీ మూయాలి, లేకపోతే వెలుతురు తగిలి ఎన్నాళ్లకో రాత చెదురుతుంది. నల్ల టేపు ఇంట్లో లేదు. అద్దానికి అంటించి ఉన్న తన స్టిక్కరు బొట్టు తీసి కిటికీ మీద పెట్టి నొక్కింది. కొలిచినట్టు సరిపోయింది.

"మిషనుకు బొట్టేందే? దానికి పెళ్లి జేస్తన్నావా?" అంది హనుమాయమ్మ.

"వెలుతురు తగలగూడదు అత్తయ్యా."

"అట్నా. అయితే కొంగు గూడా కప్పు."

బోర్డు ఫ్యాక్టరీకి పోయింది. వారం గడిచింది. చెన్నకేశవులు కొత్త చొక్కా గుడ్డ తెచ్చుకున్నాడు. అడిగితే "చీఫ్ పనిలో ఉన్నాడే, సందు చూసి చెప్తా" అన్నాడు. రెండో వారం కూడా అదే.

మే నెల మొదట్లో యోబు అట్టపెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. రత్నం మజ్జిగ ఇచ్చింది. అతను తాగలేదు, గ్లాసు చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"సిమెంటు కాల్చే కిల్ను ఆపారక్కా, లోపల ఇటుకలు మారుస్తన్నారు. పన్నెండు రోజులు. ఈలోపల ఇట్టాంటి చిప్పులే ఇంకో రెండు కావాలంట, రెండో మిల్లుకొకటి, పాడైతే మార్చేదానికి ఒకటి. నకలు తియ్యడానికి అసలుదాన్ని బోర్డుతో గూడా పంపిచ్చారు."

"బాగా నడిచిందా?"

"ఏంది బాగా అనేది. చీఫ్ చప్పట్లు కొట్టాడు. ఎవరు నేర్పారయ్యా అంటే, సొంతంగా చదువుకున్నా సార్ అన్నాడు కేశవులుగారు." యోబు నేల చూశాడు. "చిప్పు మీద బొట్టు చూసి, ఇదేందయ్యా అన్నాడు చీఫ్. మా ఆవిడ సెంటిమెంటు సార్, పూజ జేసి ఇచ్చింది అన్నాడు ఈయన. అందరూ నవ్వారక్కా. నేనూ నవ్వా. తప్పే."

రత్నం అట్టపెట్టె అందుకుని గడప లోపల పెట్టింది.

"ఆ పోస్టు గూడా వద్దనుకున్నారు. కేశవులుగారుండగా ఇంకో మనిషెందుకని. ఆయన్ని ఫోర్‌మన్ జేస్తారంట. మీరే వొచ్చి చీఫ్‌తో చెప్పగూడదా అక్కా? కావాలంటే నేనూ చెప్తా."

"గేటు దగ్గర ఏమని రాస్తారు యోబూ?"

యోబు ఆలోచించాడు. "చెన్నకేశవులుగారి భార్య అని రాస్తారు. ఆయన్నే పిలిపిస్తారు."

"అదీ సంగతి. నీకెందుకు, పిల్లలు గలవాడివి. మజ్జిగ తాగు."

అతను పోయాక ఆమె పెట్టె విప్పింది. బోర్డు ఎత్తితే అడుగున మడత పెట్టిన కాగితం ఒకటి. విప్పితే తన అర్జీ. తన సంతకం. తిప్పి చూసింది. వెనకవైపు చెన్నకేశవులు చేతిరాతతో కెర్నెల్ పట్టిక, గీతలు గీసి, నీటుగా. చీఫ్‌కు చూపించడానికి ఆమె నోటుబుక్కులోంచి ఎత్తి రాసుకున్నాడు. కింద అతని పేరు. వాడేసిన కాగితం మీద రాసుకున్నట్టే, అర్జీ మీద రాసుకున్నాడు. ఆమె పట్టిక మీద వేలు పెట్టి గడి గడీ దిగింది. సామాను దాచే చోటు దగ్గర వేలు ఆగింది. అతను పాత అంకే వేశాడు. అంచులో ఆమె దిద్దింది అతనికి కనపడలేదు. కనపడినా అది ఎందుకో అతనికి తెలియదు.

ఆమె కాగితం మళ్లీ అలాగే మడిచి పెట్టెలో పెట్టింది.

అన్నాల దగ్గర అడిగింది. "నా అర్జీ ఇచ్చారా?"

"ఇచ్చానే. చీఫ్ చదివాడు గూడా. చూద్దామన్నాడు" అన్నాడు చెన్నకేశవులు, విస్తట్లోంచి తలెత్తకుండా. "పప్పు ఇంకొంచెం వెయ్యి."

ఆమె పప్పు వేసింది. అతను అబద్ధం చెబితే ముఖం తెలిసిపోతుందని ఇన్నాళ్లూ అనుకుంది. ముఖంలో ఏమీ లేదు. అతనికి అది అబద్ధంగా తోచలేదు. భార్య వంట చేసిందని క్యారియరు మీద ఎవరూ రాయరు, ఇదీ అంతే. అరిచి గోల చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అత్తగారు కుర్చీలోంచే "మొగుడి పేరు పైకొస్తే నీది రాలేదా?" అంటుంది. తండ్రికి ఉత్తరం రాస్తే సర్దుకోమని జవాబు వస్తుంది, పోయినసారి వచ్చినట్టే.

మర్నాడు పొద్దున ఆమె నీళ్లపొయ్యి దగ్గర కూర్చుని నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చించి నిప్పులో పెట్టింది. బాగా అంటుకున్నాయి. చెన్నకేశవులు ఆ నీళ్లు పోసుకుని ఫ్యాక్టరీకి పోయాడు. ఆ మర్నాడు ఇంకో నాలుగు. పన్నెండు రోజుల లోపలే పుస్తకం అయిపోతుంది. ఆ మొదటి రోజే పదిగంటలకు, బోర్డు మీంచి చిప్పు ఊడదీసి, కిటికీ మీద బొట్టును గోటితో లేపింది. జిగురు గట్టిగానే పట్టుకుంది. చిప్పు కిటికీ గుడ్డతో తుడిచింది. బొట్టు తీసుకుపోయి అద్దానికి ఎక్కడిదక్కడ అంటించింది. డాబా ఎక్కి, ఎప్పుడో చెరిగిపోయిన ఆ రెండిటి పక్కన చిప్పును పళ్లెంలో పెట్టింది.

దీనివల్ల తనకేమీ రాదని ఆమెకు తెలుసు. పోస్టు రాదు. కిల్ను మళ్లీ ముట్టించినప్పుడు బోర్డు లేవదు, అతను ఆ కాగితం చూసి నింపుతాడు, రెండు నిమిషాలు నడుస్తుంది, చస్తుంది. అందరి ముందు. ఆ కోపం సాయంత్రం ఏ ఇంటికి వస్తుందో, ఎవరి మీద దిగుతుందో కూడా తెలుసు. అప్పుడు కూడా తెల్లవారకముందే బిందెలు పట్టుకుని పోవాల్సిందే. చేతిలో చీపురు పట్టుకుని ఆమె ఇవన్నీ వరసగా అనుకుంది. అనుకుని చిప్పును కొంచెం తిప్పింది, ఎండ నేరుగా పడేట్టు.

ఆదివారం చెన్నకేశవులు నీళ్ల తొట్టి చూడడానికి డాబా ఎక్కాడు. హనుమాయమ్మ మిరపకాయలు తిరగేయిస్తున్నది. రత్నం వంగి తిరగేస్తున్నది.

"అయినయ్యా?" అన్నాడు పళ్లెం వైపు చూసి.

"ఇంకా ఎండాల" అంది ఆమె.

"తొందరగా కానియ్యి" అని అతను దిగిపోయాడు. పళ్లెంలో మూడున్నాయి. అతను లెక్కపెట్టలేదు.