ముచ్చిక కొరికిన నోళ్లు

నర్సింహులపేట దారిలోని మామిడి గుజ్జు కర్మాగారంలో, కొరికిన పండు ఇంకా చేతిలో ఉండగానే తారి కూలిపోయింది. నోటి వెంట చొంగ కారింది. ఒళ్లంతా చెమటలో తడిసింది. కంటిపాప ఆవగింజంత అయింది.

"ఎండదెబ్బ! పక్కకు పండవెట్టుండ్రి," అని అరిచాడు యజమాని సుదర్శన్ పటేలు. "మీ చేతులు ఆగుడేందే? ఆడ లారీ నిలవడ్డది!"

చంద్రి తన చేతిలోని పండును విసిరికొట్టి చెల్లెలిని ఒడిలోకి లాక్కుంది.

ఆ అక్కాచెల్లెళ్ల తండాలో ఆడవాళ్లకు పాలపళ్లనాటి నుంచీ ఉన్న అలవాటది. పండు తొడిమ దగ్గరి ముచ్చికను పళ్లతో కొరకడం, సొన ఉమ్మెయ్యడం, తొక్కను కిందికి లాగడం. కత్తికన్నా పన్ను వేగం. ఆ వేగం చూసే సుదర్శన్ వాళ్లను పనిలోకి పిలిచాడు, కత్తులు ఇవ్వలేదు. బోరు ఎండిందని పండ్లు కడిగే తొట్టిని మూసేశాడు. నిన్న తోటలో కొట్టిన మందు నేడు పండుతోపాటే బల్ల మీదికి వచ్చేది.

మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి మాట: "పురుగుమందు తాగిందా?"

"లేదు సారూ. పండ్లు ఒలిచింది," అంది చంద్రి.

పొద్దు గూకకముందే తారి ఊపిరి ఆగింది. డాక్టరు అడిగిన ప్రశ్నను సుదర్శన్ జవాబుగా మార్చుకున్నాడు. తెల్లవారేసరికి ఊరంతా అదే మాట: మొగనితో కొట్లాడి తారి మందు తాగింది. పోలీసులూ అదే రాసుకున్నారు.

శవం కోసం ఎదురుచూస్తూ తండా అంతా ఒకచోట చేరింది.

"పటేలుతోటి మనకెందుకే పంచాది? సీజన్ పోతే పిల్లలకేం వెడుదం?" అని వణికింది బుచ్చి.

"తల్లి బతికుంటె గదనే పెట్టేది!" అని కసిరింది ముసలి గట్టమ్మ.

చంద్రి ఇద్దరి మధ్యకు వచ్చింది. "నా చెల్లెకు నేను మళ్ల ఊపిరి పొయ్యలేను. కని మందు తాగి సచ్చిందన్న నింద దాని మీద ఉంచి మన్నుల వెట్టను."

అందుకే శవపరీక్ష ముగిశాక తారి ఇంటికి పోలేదు. నులక మంచం మీద, కర్మాగారం గేటు ముందు దిగింది.

సుదర్శన్ పోలీసుల వెనుక నిలబడి గొంతెత్తాడు. "నా గుజ్జు పరీక్ష చేయించిన. చుక్క మందు లేదు! మరి డాక్టరు చెప్పిన మందు దాని కడుపులకు ఏడికెల్లి వచ్చింది? తాగితేనే వచ్చింది!"

అప్పుడు జబీన్ ముందుకు వచ్చింది. జనగామలో డిగ్రీ చదువుతూ ఎండాకాలం సెలవుల్లో వాళ్ల పక్కనే పండ్లు ఒలుస్తున్న పిల్ల.

"పటేలు చెప్పింది నిజమే."

"ఓసి నీ నోరు వడ! నువ్వు ఎవలదిక్కే?" అంది గట్టమ్మ.

"జర ఆగు అవ్వా. మందు ఉండేది పండు పైన, తొక్కల. కడిగితె కొంత పోతది, తొక్క తీస్తె చానా పోతది, కాగవెడితె ఇంకింత తగ్గుతది. గుజ్జుల లేదంటె గందుకే లేదు. కని పోయింది ఏడికి పోయింది? నీళ్లల్ల పోవాల్సింది మన నోట్లెకు పోయింది, గోళ్ల సందులకు పోయింది. పట్నపోళ్లు రసం తాగే గిలాసను మనం నాలికెతోటి కడిగినం!"

గుంపులో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. చంద్రి లేచి, గేటు పక్కనున్న డబ్బాలోంచి ఒక పండు తీసి సుదర్శన్ ముందు పట్టింది.

"కొరుకు పటేలా. నా చెల్లె పొద్దుందాక కొరికింది. నువ్వు ఒక్కటి కొరుకు."

అతడు చేయి చాచలేదు. అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును అందరూ చూశారు.

"శవంతోటి రాజకీయమా? ఎక్కించుండ్రి ఈ ఇద్దర్ని!" అన్నాడు ఎస్సై. చంద్రినీ జబీన్‌నూ పోలీసు వ్యానులోకి తోశారు.

సరిగ్గా అప్పుడే భూపాలపల్లి వైపు నుంచి పండ్ల లారీ వచ్చి హారన్ మోగించింది. గుంపు అటూ ఇటూ చీలుతుండగా ఒక మనిషి మాత్రం దారి మధ్యలో కూర్చుండిపోయింది. బుచ్చి. ఇందాక వణికిన గొంతు ఇప్పుడు వణకలేదు.

"మా తారి మందు తాగలే. గా మాట రాయుండ్రి. కడగని పండు ఇగ మేం ముట్టం."

గట్టమ్మ ఆమె పక్కన కూలబడింది. ఆ పక్కన ఇంకొకరు, ఇంకొకరు. దారి నిండిపోయింది.

లారీ లోపలికి రాలేదు. వ్యాను బయటికి పోలేదు. నడుమ, మంచం మీద, తారి ఉంది.